మైక్రోకంట్రోలర్లు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏ సీ కంపైలర్ మంచిది?

#1
సీ భాష పాయింటర్ల దాకా వచ్చు. ఇప్పుడు అట్‌మెగా328పీ అనే ఏవీఆర్ రకం మైక్రోకంట్రోలర్ ఉన్న బోర్డు ఒకటి తెచ్చుకున్నాను, పరీక్షల కోసం 8051 అనే ఇంకో మైక్రోకంట్రోలర్ కూడా చదవాలి. సీ కోడ్‌ని చిప్‌లో నడిచేలా మార్చే కంపైలర్ల విషయంలో ఒకరేమో కైల్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటున్నారు, ఇంకొకరు జీసీసీ అనే కంపైలర్ ఉచితంగా ఉండగా వేరేవి ఎందుకంటున్నారు. మీరైతే దేనితో మొదలుపెట్టమంటారు?

#2
8051 అయితే కైల్ సీ51 పెట్టుకోండి, ఇంకో ఆలోచన వద్దు. ఎడిటర్, కంపైలర్, సిమ్యులేటర్ అన్నీ ఒకేచోట ఉంటాయి, బోర్డు చేతిలో లేకపోయినా పోర్టు పిన్ మారడం స్క్రీన్ మీద చూడొచ్చు. మేక్‌ఫైల్ అంటే ఏంటో తెలియనివాళ్లను మొదటిరోజే కమాండ్ లైన్ ముందు కూర్చోబెడితే ఎల్ఈడీ వెలగకముందే ఉత్సాహం చల్లారిపోతుంది. ఎవాల్యుయేషన్ వెర్షన్‌లో కోడ్ 2 కేబీ దాటకూడదు, నిజమే, కానీ నేర్చుకోవడానికి అది చాలు.

#3
చాలు అన్నదగ్గరే నా అభ్యంతరం. ఎల్ఈడీకి చాలు, బటన్‌కి చాలు. ఎల్‌సీడీ మీద ఉష్ణోగ్రత చూపిద్దామని ఫ్లోట్ లెక్కలు, ప్రింట్‌ఎఫ్ కలిపి రాసిన రోజు ఆ 2 కేబీ ఇట్టే అయిపోతుంది. పోనీ అప్పుడు కంపైలర్ మారుద్దామంటే కోడ్ ఉన్నదున్నట్టు రాదు. టైమర్ ఇంటరప్ట్ (టైమర్ పిలవగానే చిప్ చేస్తున్న పని ఆపి వేరే ఫంక్షన్ నడపడం) ఒక్కటే చూడండి: కైల్‌లో ఫంక్షన్ పేరు తర్వాత ఇంటరప్ట్ అని రాసి నంబరు ఇస్తాం, 8051కే ఉన్న ఇంకో కంపైలర్ ఎస్‌డీసీసీలో ఆ మాటకే ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టి నంబరు బ్రాకెట్లలో రాయాలి, ఏవీఆర్ చిప్‌ల జీసీసీ అయిన ఏవీఆర్-జీసీసీలో ఐఎస్ఆర్ అనే మాక్రోకి వెక్టర్ పేరు (అది ఏ ఇంటరప్టో చెప్పే పేరు) ఇవ్వాలి. ఇవేవీ సీ స్టాండర్డ్‌లో లేవు, ఎవరి పద్ధతి వాళ్లది.

అందుకే బోర్డుకి ఏవీఆర్-జీసీసీ, 8051కి ఎస్‌డీసీసీ అంటాను. రెండూ ఉచితం, సైజు పరిమితి లేదు. రేపు ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్‌కి వెళ్లినా అక్కడా జీసీసీయే ఉంటుంది, వార్నింగ్‌లు చదివే అలవాటు, మ్యాప్ ఫైల్ (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే ఫైల్) చూసే అలవాటు మీతోనే వస్తాయి.

ఇంకోటి, 8051 లోపల ర్యామ్ 128 బైట్లే. స్టాక్‌కి (లోకల్ వేరియబుల్స్‌ని తాత్కాలికంగా పెట్టుకునే మెమరీకి) చోటుండదు కాబట్టి కైల్ అయినా ఎస్‌డీసీసీ అయినా మామూలుగా లోకల్ వేరియబుల్స్‌కి కంపైల్ చేసేటప్పుడే స్థిరమైన చోటు కేటాయిస్తాయి. ఒకే ఫంక్షన్‌ని మెయిన్ నుంచీ ఇంటరప్ట్ నుంచీ పిలిస్తే ఒకదాని విలువల మీద ఇంకొకటి రాసేస్తుంది. అలాంటి ఫంక్షన్‌ని రీఎంట్రంట్ (ఒకసారి నడుస్తుండగానే మళ్లీ పిలవదగినది) అని ప్రకటించాలి. ఇది తెలియకపోతే ఏ కంపైలరూ మిమ్మల్ని కాపాడదు.

#4
సరే, జీసీసీ అంటున్నారు కదా, ఆప్టిమైజేషన్ (కోడ్ చిన్నగా, వేగంగా ఉండేలా కంపైలరే దాన్ని మార్చడం) సంగతి కొత్తవాళ్లకు ఎవరు చెప్తారు? ఆప్టిమైజేషన్ తీసేస్తే నడిచే ప్రోగ్రాం, సైజు తగ్గించే ఆప్షన్ పెట్టగానే లూప్‌లో ఇరుక్కుపోతుంది. కంపైలర్‌లోనే బగ్ ఉందనుకుని రాత్రంతా కూర్చున్నవాళ్లని చూశాను.

#5
బగ్ కాదండీ అది. ఇంటరప్ట్‌లో ఒక ఫ్లాగ్‌ని (పని జరిగిందని గుర్తుగా పెట్టుకునే వేరియబుల్‌ని) 1 చేస్తారు, మెయిన్‌లో అది 1 అయ్యేదాకా వైల్ లూప్‌లో చూస్తుంటారు. ఆ లూప్‌లో ఫ్లాగ్‌ని మార్చేవాళ్లు ఎవరూ కంపైలర్‌కి కనిపించరు, కాబట్టి ఒక్కసారి చదివి ఆ విలువతోనే తిరుగుతుంటుంది. వేరియబుల్ ముందు వొలటైల్ అని పెడితే ప్రతిసారీ మెమరీ నుంచి చదువుతుంది. ఖాళీ ఫర్ లూప్‌తో డిలే రాసినా అంతే, పనిలేని లూప్ అని తీసిపారేస్తుంది. పోనీ ఆప్టిమైజేషన్ మొత్తం ఆపేద్దామా అంటే ఏవీఆర్ లైబ్రరీలోని డిలే ఫంక్షన్ల టైమింగ్ తప్పుతుంది, అవి ఆప్టిమైజేషన్ ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి.

#4లో చెప్పిన ఇబ్బంది నిజమే, కాదనను. కానీ దాన్ని మొదటి నెలలోనే పడితే మేలు.

#6
ప్రశ్న అడిగింది నేనే. ఏవీఆర్-జీసీసీ పెట్టుకున్నాను, అచ్చం #4లో చెప్పినట్టే ఇరుక్కుపోయింది, వొలటైల్ పెట్టాక నడిచింది. కానీ ఇంటరప్ట్‌లో పెంచే 16 బిట్ల కౌంటర్ 255 నుంచి 256కి మారేచోట అప్పుడప్పుడు తప్పు అంకె చూపిస్తోంది. దానికీ వొలటైల్ ఉంది.

#7
మీ చిప్ 8 బిట్లది, ఆ కౌంటర్‌ని రెండు బైట్లుగా విడివిడిగా చదువుతుంది. మధ్యలో ఇంటరప్ట్ దూరితే పాత బైటు ఒకటి, కొత్త బైటు ఒకటి కలిసి వస్తాయి. చదివే ఆ ఒక్క లైన్‌ని ఆటమిక్ బ్లాక్‌లో (మధ్యలో ఇంటరప్ట్ దూరకుండా ఆపే బ్లాక్‌లో) పెట్టి, విలువని లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని వాడండి. మీ కోడ్ ఏ ఇన్‌స్ట్రక్షన్లుగా మారిందో చూపే లిస్టింగ్ ఫైల్ తెరిస్తే ఆ రెండు లోడ్ ఇన్‌స్ట్రక్షన్లూ పక్కపక్కనే కనిపిస్తాయి.