"ఆపకుండా చదివిస్తుంది": ఇక్కడ చదివించేది ఎవరు?

నిన్న ఒక స్నేహితురాలికి ఒక పుస్తకం గురించి మెసేజ్ పెడుతూ, "దీన్ని నీకు సిఫారసు చేస్తున్నాను" అని రాశాను. పంపేముందు ఓసారి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఎవరికో ఉద్యోగం ఇప్పిస్తున్నట్టుంది! పారసీ నుంచి వచ్చిన ఈ మాటకి మన దగ్గర పలుకుబడి వాసన పట్టేసింది. 'సూచిస్తున్నాను' అని మార్చాను, సర్క్యులర్‌లా తయారైంది. 'రికమెండ్ చేస్తున్నా' అనడంలో తప్పేమీ లేదు, రోజూ అనేదే. ఎందుకో అదీ చెరిపేసి, "చదువు, ఆపకుండా చదివిస్తుంది" అని పంపాను.

పంపాక ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. చదివేది మనం, చదివించేది పుస్తకం. మామూలుగా 'ఇంచు' చేరితే పని చేసేవాళ్లొకరు, చేయించేవాళ్లు ఇంకొకరు: రాయించడం, కట్టించడం, కుట్టించడం. చేయించేది మనిషే అయి ఉంటుంది. చదివించడం కూడా అలాంటిదే కదా, మరి పుస్తకం ఎప్పుడు దూరింది ఇందులోకి?

ఈ మధ్య పోతన భాగవతంలో సప్తమ స్కంధం చదువుతున్నాను. ప్రహ్లాదుడి కథలో ఈ క్రియ విడవకుండా వినిపిస్తుంది. హిరణ్యకశిపుడు కొడుకుతో అంటాడు:

చదువనివాఁ డజ్ఞుండగుఁ
జదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

కొన్నాళ్ల తర్వాత, చదువు ఎంతవరకు వచ్చిందని తండ్రి అడిగితే కొడుకు జవాబు:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ!

లెక్కపెట్టాను. దానిలో అయిదు, దీనిలో అయిదు. కంద పద్యం కాబట్టి నాలుగు పాదాలకీ ప్రాస కలవాలి, అందుకే రెండో అక్షరం అంతటా దకారం. కానీ ప్రాస కోసమే అయితే ఆ మాటే మళ్లీ మళ్లీ వాడనక్కర్లేదు. రెండు పద్యాలూ 'తండ్రీ' అనే ముగుస్తాయి చూడండి. మొదటిది తండ్రి ముద్దుగా కొడుకుని పిలిచింది, రెండోది కొడుకు నిజంగానే తండ్రిని పిలిచింది. అదే పిలుపు తిరిగి వెళ్లింది, బడికి పంపినాయన ఊహించని 'మర్మం' వెంటబెట్టుకుని.

సరే, మన మాటకి వద్దాం. 'చదివించిరి నను' అన్నాడు, 'నాచేత' అనలేదు. ఈ తేడా ఇవాళ్టికీ ఉంది. "నాన్న నన్ను చదివించాడు" అంటే ఫీజులు కట్టాడు, అప్పులు చేశాడు. "నాన్న నాచేత చదివించాడు" అంటే ఎదురుగా కూర్చోబెట్టి పేజీ పైకి చదవమన్నాడు. పుస్తకం విషయంలో మాత్రం ఊరికే "చదివిస్తుంది" అని వదిలేస్తాం. ఎవరిని, ఎవరిచేత అన్న చోటు ఖాళీ. ఆ ఖాళీలో అవతలివాళ్లు తమని పెట్టుకోవచ్చు. "తప్పక చదవాల్సిన పుస్తకం" అన్నప్పుడు నాకు హోంవర్కే గుర్తొస్తుంది. "చదివిస్తుంది" అంటే బరువంతా పుస్తకం మీదే. నచ్చకపోతే తిట్టాల్సింది దాన్ని, నన్ను కాదు!

మీరైతే మీకు నచ్చిన పుస్తకం గురించి పక్కవాళ్లకి ఏ మాటతో చెబుతారు?

జవాబు: పెళ్లిలో చదివింపులు మర్చిపోయారు. అక్కడ 'చదివించడం' అంటే కానుక ఇవ్వడం. ఇచ్చినవాళ్ల పేరు పదిమందిలో పైకి చదువుతారు కాబట్టి ఆ మాట. అసలు మనకి చదవడమంటే చాలాకాలం పైకి చదవడమే. సభలో "పద్యం చదవండి" అంటే ఇప్పటికీ చేతిలో కాగితం ఉండనక్కర్లేదు.

జవాబు: నా బాధ వేరే. కొత్తగా పరిచయమైనవాళ్లని "ఏం చదువుతున్నారు?" అని అడిగితే డిగ్రీ పేరు చెబుతారు. "ఈ మధ్య ఏం చదువుతున్నారు?" అంటే పుస్తకం పేరు చెబుతారు. భారమంతా 'ఈ మధ్య' మోస్తోంది. 'చదువుకోవడం' కూడా అంతే. చదువుకున్నవాడు అంటే బడికెళ్లినవాడు, "ఓ మూల చదువుకుంటూ కూర్చున్నాడు" అంటే తన మానాన తను పుస్తకంలో పడ్డవాడు.

జవాబు: ఒక్క అభ్యంతరం అండీ. 'చదివించే గుణం ఉంది' అన్న పొగడ్త నాకు అనుమానంగానే ఉంటుంది. ఏకబిగిన చదివించి, మర్నాటికి ఒక్క వాక్యమూ గుర్తుండని పుస్తకాలు ఎన్ని లేవు! మీరు చదువుతున్న సప్తమ స్కంధం ఆపకుండా చదివిస్తోందా, నిజం చెప్పండి.

మళ్లీ నేనే: చదివింపుల సంగతి నాకు తట్టనేలేదు, థాంక్సండీ. 'ఈ మధ్య' గురించి చెప్పినవారికి: నేను పైన రాసిందే మళ్లీ చూసుకున్నాను, "ఈ మధ్య... చదువుతున్నాను" అనే ఉంది. తెలియకుండానే వాడేశాను.

ఇక నిజం చెప్పమన్నారు కాబట్టి: లేదు. రోజుకి పది పద్యాలు అనుకుని మొదలుపెట్టాను. పై రెండు పద్యాల దగ్గరే నాలుగు రోజులైంది. స్నేహితురాలికి పంపింది వేరే పుస్తకం గురించి, అది రెండు రాత్రుల్లో అయిపోయింది. దీని గురించి పంపాలంటే ఇప్పుడు "ఆపి ఆపి చదివిస్తుంది" అని రాయాలి.