సరిహద్దు గ్రామాలపై అధికారి చేసిన వ్యాఖ్యకు ఆధారపత్రాలు కోరడం ఎలా?

గంటస్తంభం (విజయనగరం):

నమస్కారం. కొన్ని నెలల క్రితం మా ఊళ్లో జరిగిన ఒక సమావేశంలో ఒక ఉన్నతాధికారి, ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న సరిహద్దులోని కొటియా గ్రామాల ప్రస్తావన తెచ్చారు. అక్కడి కుటుంబాల్లో అత్యధికం రెండు రాష్ట్రాల కార్డులూ ఉంచుకుని రెండు వైపులా లబ్ధి పొందుతున్నట్టు సర్వేలో తేలిందని, కనుక కొన్ని పథకాలను పునఃపరిశీలించక తప్పదని అన్నారు. మా అమ్మగారి పుట్టిల్లు సాలూరు. కొండ మీద నుంచి సంతకు దిగిన ఒక ముసలమ్మ మా మేనమామ కొట్టు దగ్గర నడుముకు దోపుకున్న ప్లాస్టిక్ సంచి విప్పి, తెలుగులో అచ్చయిన కార్డొకటి, ఒడియాలో అచ్చయిన కార్డొకటి తీసి చూపించడం నేను కళ్లారా చూశాను. కాబట్టి అలాంటి కార్డులు లేనే లేవని నేను అనడం లేదు. అయితే ఆ సర్వే ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎన్ని ఇళ్లకు వెళ్లారు అన్నది ఎక్కడా కనిపించలేదు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి మూడు ప్రశ్నలు అడిగాను. ఈ వ్యాఖ్యకు ఆధారం ఏమిటి? వివాదం తేలకముందే ఇలా మాట్లాడటం సబబేనా? గ్రామస్థుల అభిప్రాయం ఎందుకు తీసుకోలేదు? ఇరవై ఆరో రోజున అర కాగితం మీద జవాబు వచ్చింది. నేను కోరినది వివరణే తప్ప సమాచారం కాదని అందులో రాశారు. ఇప్పుడు అప్పీలు చేయాలా, మళ్లీ దరఖాస్తు పెట్టాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

నాగావళి (శ్రీకాకుళం):

గంటస్తంభం గారూ, మీకు నచ్చకపోవచ్చు గానీ, మీ రెండో, మూడో ప్రశ్నల విషయంలో ఆ కార్యాలయం ఇచ్చిన జవాబు తప్పు కాదు. ‘సబబేనా’ అన్నది అభిప్రాయం కోరడం, ‘ఎందుకు’ అన్నది కారణం చెప్పమనడం. ఫైలులో లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన బాధ్యత పౌర సమాచార అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లోనే సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో స్పష్టం చేసింది. మొదటి ప్రశ్న మాత్రం చేజేతులా పోగొట్టుకున్నారు. ఆధారం ఏమిటని అడిగితే అది ప్రశ్న అవుతుంది. ఆధారంగా పేర్కొన్న సర్వే నివేదిక నకలు ఇవ్వమంటే అది రికార్డు అవుతుంది.

నేనైతే ఇలా రాస్తాను: ‘ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన సమావేశంలో ఫలానా హోదాలోని అధికారి ప్రస్తావించిన సర్వే నివేదిక, దాని అనుబంధ పట్టికలు, సర్వేకు ఆదేశించిన ఉత్తర్వు, ఆ సమావేశం కోసం ఆయనకు సమర్పించిన నోట్, సమావేశపు మినిట్స్, వీటి ధృవీకరించిన నకళ్లు ఇప్పించగలరు. అటువంటి రికార్డు మీ కార్యాలయంలో లేనట్లయితే ఆ విషయమే లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.’ చివరి వాక్యాన్ని మాత్రం వదలకండి. సర్వే లేదని సంతకంతో వచ్చే కాగితం, సర్వే నివేదిక కన్నా మీకు ఎక్కువ పనికి రావచ్చు. వ్యాఖ్య వచ్చిన పత్రిక కత్తిరింపు జతచేయండి. మీ మాటల్లో మార్చి రాస్తే ఆ అధికారి అలా అనలేదని చెప్పడానికి దారి ఇచ్చినవారవుతారు.

అప్పీలు విషయానికి వస్తే, జవాబు అందిన 30 రోజుల్లోగా సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేయవచ్చు. కానీ అప్పీలులో కొత్త అంశాలు చేర్చడానికి ఒప్పుకోరు. అందువల్ల మొదటి ప్రశ్న వరకు అప్పీలు వేసి, దానితోపాటే పై విధంగా తాజా దరఖాస్తు కూడా పెట్టడం మేలు. దరఖాస్తు రుసుము జిల్లా కార్యాలయానికైతే 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, మండల కార్యాలయానికైతే 5 రూపాయలు.

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:

ఎలా అడగాలో నాగావళి గారు చెప్పారు. ఎక్కడ అడగాలన్నది కూడా చిన్న విషయం కాదు. సాలూరు ప్రాంతం 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా విడిపోయినప్పుడల్లా ఫైళ్ల మూటలు కట్టి పంపడం, కొన్ని పాతచోటే ఉండిపోవడం నేను చూసినవే. మూటకు కట్టిన అట్టముక్క మీద పాత తాలూకా పేరు ఉంటుంది, లోపల కాగితం ఇంకో ఊరిది ఉంటుంది. 2022కు ముందు జరిగిన సర్వే అయితే విజయనగరంలోనే ఉందో, పార్వతీపురం చేరిందో బయటివారికి తెలిసే వీలు లేదు. ఆ వెతుకులాట మీరు నెత్తిన వేసుకోకండి. రికార్డు వేరే కార్యాలయంలో ఉంటే 5 రోజుల్లోగా దరఖాస్తును అక్కడికి బదిలీ చేసి మీకు తెలపాలని సెక్షన్ 6(3) చెబుతోంది. దరఖాస్తులో ఆ సెక్షన్‌ను ఒక్క వాక్యంలో గుర్తుచేయండి.

నకళ్లతో పాటు ఫైలు తనిఖీకి కూడా అవకాశం అడగండి. అసలు సంగతి తరచూ, సిబ్బంది తమ వ్యాఖ్యలు రాసి పైకి పంపే నోట్ ఫైలులోనే ఉంటుంది. కింది గుమస్తా ‘వివరములు రావలసియున్నవి’ అని రాసి పెట్టిన కాగితమే, పైకి వెళ్లేసరికి ‘సర్వేలో తేలినది’గా మారిన సందర్భాలు నా సర్వీసులో ఒకటి రెండు లేకపోలేదు.

గంటస్తంభం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. ఇది రాష్ట్రాల మధ్య వివాదమనీ, కోర్టు వ్యవహారమనీ చెప్పి ఇవ్వకపోతే ఏం చేయాలి?

నాగావళి:

ఆ అభ్యంతరం వస్తుందనే అనుకుని సిద్ధంగా ఉండండి. కొటియా వివాదంపై ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో ఆ దావా సాంకేతిక కారణాలపై ముగిసింది. 2021లో మన రాష్ట్రం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా ధిక్కరణ పిటిషన్ వేసింది. అయినా విషయం కోర్టులో ఉండటం ఒక్కటే సమాచారం నిరాకరించడానికి చాలదు. సెక్షన్ 8(1)(బి) ప్రకారం, వెల్లడించరాదని కోర్టు స్పష్టంగా నిషేధించి ఉండాలి, లేదా వెల్లడించడం కోర్టు ధిక్కరణ కావాలి. అటువంటి ఉత్తర్వు ఉంటే దాని నంబరు, తేదీ అడగండి. సెక్షన్ 8(1)(ఎ) చూపితే, రెండు కార్డులున్న కుటుంబాల సంఖ్య బయటపడితే దేశ సార్వభౌమత్వానికో, భద్రతకో ఏ విధంగా హాని కలుగుతుందో రాయమనండి. కుటుంబాల పేర్లు, కార్డు నంబర్లు మాత్రం మీరే వద్దనండి. అవి తీసేసి మిగతాది ఇవ్వడానికి సెక్షన్ 10 వీలు కల్పిస్తోంది, మీరే ముందుగా ఆ మాట అంటే వ్యక్తిగత వివరాలనే సాకు కూడా మిగలదు.

గంటస్తంభం:

సోమవారం రెండూ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సమావేశం మర్నాటి పత్రిక మా మేనమామ కొట్టులో పొట్లాలకు పోయిందట, గ్రంథాలయానికి వెళ్లి నకలు తీయించాలి.