అప్‌డేట్: ర్యాక్‌లో పవర్ సప్లై వేడెక్కి ఆగిపోవడం, కారణం దొరికింది

భీమవరంలో మా సర్వీస్ ల్యాబ్ ర్యాక్‌లోని (పరికరాలు అరల్లో బిగించే స్టాండ్) పవర్ సప్లై, అంటే వాటికి కరెంటు అందించే యూనిట్, మధ్యాహ్నమయ్యేసరికి వేడెక్కి ఆగిపోతోందని, ఫ్యాన్ గరగరమంటోందని పోయిన నెల అడిగాను కదండీ. విప్పి చూస్తే, పక్క రైస్ మిల్లు నుంచి వచ్చే దుమ్ము మన గాలిలోని తేమకి ముద్దయి, ఫిల్టర్ మీద అట్టలా గట్టిపడి ఉంది. ఫ్యాన్‌ని వేలితో తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు.

అదే సైజు, 12 వోల్టుల బాల్ బేరింగ్ ఫ్యాన్ వేశాను. గాలి దిశ చూపే బాణం గుర్తు చూసి మరీ బిగించాను. అసలు మేలు చేసింది మాత్రం మీలో ఒకరు చెప్పిన సలహా: ముందువైపు ఖాళీ అరలకి రేకు పలకలు బిగించడం. ఆ అరలు తెరిచి ఉండడంతో వెనక వదిలిన వేడిగాలే మళ్లీ ముందుకొచ్చి లోపలికి పోయేది. మూసి మూడు వారాలైంది, ఒక్కసారీ ఆగలేదు. ఫిల్టర్ ప్రతి శనివారం కడిగి, పూర్తిగా ఆరాకే పెడుతున్నాం. పెద్ద టెన్షన్ తీర్చారు, చాలా థాంక్సండీ.