ల్యాప్‌టాప్ లాక్కుని క్లౌడ్ వర్క్‌స్టేషన్ ఇచ్చారు: ఇది పనికొచ్చే వ్యవహారమేనా?

గోదారోడు

కోడ్ బయటికి పోకూడదని మా కంపెనీలో ఇంజనీర్లందరి దగ్గరా మంచి ల్యాప్‌టాప్‌లు వెనక్కి తీసేసుకున్నారు. ఇప్పుడు చేతిలో ఉన్నది 8 జీబీ రామ్‌తో ఓ పలక. అసలు మెషీన్, అంటే ఆ క్లౌడ్ వర్క్‌స్టేషన్, ఇంటర్నెట్ అవతల ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంది. భోంచేసి వచ్చేసరికి అది ఆగిపోయి ఉంటుంది. సాయంత్రం ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలు పొద్దున్నకి మాయం. టైప్ చేస్తే అక్షరం కాసేపు ఆలోచించుకుని గానీ కనపడదు. ఫ్రంటెండ్ బిల్డ్ (రాసిన కోడ్‌ని వెబ్ పేజీలుగా తయారుచేసే పని) మధ్యలో 'కిల్డ్' అన్న ఒక్క ముక్క చూపించి చచ్చిపోతుంది. టికెట్ పెడితే 'బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడండి' అంటారు.

ఇది డెవలపర్ల కోసం పెట్టింది కాదు, ఆడిటర్ల కోసం పెట్టింది అని నా వాదన. ల్యాప్‌టాప్ తిరిగి ఇమ్మని అడిగితే తప్పేంటి?

ప్లాట్‌ఫామ్_పద్మ

ఇలాంటివి నడిపే టీమ్‌లోనే నేనూ పని చేస్తాను కాబట్టి నావైపు మొగ్గు ఉంటుందని ముందే ఒప్పుకుంటా. కానీ గోదారోడు గారూ, మీరు నాలుగు వేర్వేరు జబ్బుల్ని ఒకే పేరుతో తిడుతున్నారు.

ప్యాకేజీల సంగతి. గూగుల్ క్లౌడ్ వర్క్‌స్టేషన్స్ లాంటి వాటిలో మీరు పని చేసేది ఒక కంటైనర్ లోపల, అంటే 'ఇమేజ్' అనే అచ్చు నుంచి ప్రతిసారీ కొత్తగా లేచే డబ్బా లోపల. ఉండిపోయే డిస్క్ హోమ్ డైరెక్టరీకి మాత్రమే. సుడోతో అడ్మిన్ హక్కు తీసుకుని, ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌తో ఎక్కించినవి హోమ్ బయటికి పోతాయి కాబట్టి మెషీన్ ఆగగానే వాటికి నీళ్ళొదులుకోవాల్సిందే. గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ అనే ఇలాంటి సేవలోనే కాస్త వేరు: ఆపి మళ్ళీ మొదలుపెడితే ఉంటాయి, కంటైనర్‌ని రీబిల్డ్ చేస్తే వర్క్‌స్పేసెస్ ఫోల్డర్ బయట ఉన్నవి పోతాయి. అందరికీ కావలసిన టూల్ ఇమేజ్‌లో ఉండాలి, మీ ఒక్కరికే కావలసింది హోమ్‌లో ఉండాలి.

దీనికి తిరగేసిన తప్పు మా లాంటి వాళ్ళే చేస్తుంటారు. ఇమేజ్ తయారుచేసేటప్పుడు సెట్టింగ్స్ ఫైళ్ళని హోమ్‌లోనే పెట్టేస్తారు. మెషీన్ లేచాక అదే చోట డిస్క్ వచ్చి మౌంట్ అవుతుంది, ఇమేజ్‌లో పెట్టినవన్నీ దాని కింద పడి కనపడకుండా పోతాయి. వాటిని స్టార్టప్ స్క్రిప్ట్‌తో కాపీ చేయించాలి.

'కిల్డ్' అంటే మెమరీ చాలక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ బిల్డ్‌ని చంపేసింది. ప్రోగ్రాం ఆగుతూ ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 137 వచ్చిందేమో చూడండి, అంటే 128కి 9వ సిగ్నల్ ('చంపెయ్' అనే ఆదేశం) కలిసింది. 'జావాస్క్రిప్ట్ హీప్ అవుట్ ఆఫ్ మెమరీ' అని వస్తే మాత్రం అది వేరే కథ, జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ తన హీప్ (తనకి కేటాయించుకున్న మెమరీ) పరిమితి తనే దాటింది, ఆ పరిమితి పెంచితే సరిపోతుంది. 'కిల్డ్' వచ్చినప్పుడు అదే మందు వేస్తే ఇంకా తొందరగా చస్తుంది. అక్కడ కావలసింది పెద్ద మెషీన్, లేదా బిల్డ్‌లో ఒకేసారి నడిచే ప్రాసెస్‌లు తగ్గించడం.

వరంగల్_వాసి

పద్మక్కా, అన్నీ మంచిగనే చెప్పినవ్ గానీ అక్షరం లేటయ్యే ముచ్చట వదిలేసినవ్. దానికి మందు లేదు గనుక! ఫైబర్‌ల కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతది. హైదరాబాద్ నుంచి అమెరికాల వర్జీనియా దాంక 13 వేల కిలోమీటర్ల పైమాటే. కేబుల్ సీదాగ పరిచినా పోయి రానీకి 130 మిల్లీసెకండ్లు. కేబుళ్ళు సముద్రాలు చుట్టుకుంట పోతయి కాబట్టి 200 దాటుడు మామూలే. ఎన్ని టికెట్లు పెట్టినా కాంతి స్పీడ్ పెరగది.

అమెజాన్ 2022ల హైదరాబాద్‌లనే రీజియన్ (డేటా సెంటర్లున్న జాగ) తెరిచింది. గూగుల్‌కి ముంబై, ఢిల్లీ ఉన్నయి. అయినా మనోళ్ళకు మెషీన్లు మటుకు అమెరికాల ఇస్తరు. ఏందంటే క్లయింట్ అక్కడున్నడట!

పాత_సర్వర్

వరంగల్ తమ్ముడి లెక్క కరెక్టే గానీ, ముందు ఒకటి తేలాలి. గోదారోడు గారూ, అక్షరం లేటయ్యేది ఎడిటర్‌లోనా, కమాండ్లు కొట్టే టెర్మినల్‌లోనా? వీఎస్ కోడ్ ఎడిటర్‌ని మీ పలక నుంచి ఎస్ఎస్‌హెచ్ అనే రిమోట్ కనెక్షన్‌తో కలిపినా, బ్రౌజర్‌లో తెరిచినా, అక్షరాన్ని తెర మీద వేసేది మీ దగ్గరున్న పలకే. దూరంతో పని లేదు. సజెషన్లు, సెర్చ్, ఫైల్ సేవ్ మాత్రమే అవతలికి వెళ్ళి వస్తాయి. టెర్మినల్‌లో కొట్టే ప్రతి అక్షరమూ మామూలుగా అవతలికి వెళ్ళి తిరిగి రావాలి. రిమోట్ డెస్క్‌టాప్ అయితే తెర మొత్తం అంతే. ఎడిటర్‌లోనే లేటయితే రీజియన్ని తిట్టే ముందు, బ్రౌజర్‌లో ఎన్ని ట్యాబ్‌లు తెరిచారో చూసుకోండి. 8 జీబీ అంటున్నారు మరి.

మధ్యమధ్యలో 'రీకనెక్టింగ్' అని తిరుగుతుంటే అది ఎక్కువగా ఆఫీసు ప్రాక్సీ (ఇంటర్నెట్‌కి వెళ్ళే దారిలో కాపలా సర్వర్) పని. పేజీ లోడవుతుంది, దాని వెనక ఎప్పుడూ తెరిచి ఉండాల్సిన వెబ్‌సాకెట్ కనెక్షన్‌ని ప్రాక్సీ తెంపేస్తుంది. ఆఫీసు రూల్స్ ఒప్పుకుంటే ఫోన్ హాట్‌స్పాట్ మీద ఓసారి చూడండి, తేలిపోతుంది. పనులన్నీ టీమక్స్‌లో (అవతలి మెషీన్‌లో టెర్మినల్‌ని తెరిచే ఉంచే టూల్) నడిపిస్తే కనెక్షన్ తెగినా పోవు.

ప్లాట్‌ఫామ్_పద్మ

టీమక్స్ కనెక్షన్ తెగితే కాపాడుతుంది సార్, మెషీనే ఆగిపోతే కాపాడదు. గోదారోడు గారిది రెండోది. గూగుల్ వర్క్‌స్టేషన్స్‌లో అడ్మిన్ పెట్టిన గడువు మేర ఖాళీగా ఉంటే ఆపేస్తుంది, ఖాళీ లేకున్నా డిఫాల్ట్‌గా 12 గంటలకి ఆపేస్తుంది. కోడ్‌స్పేసెస్‌లో డిఫాల్ట్ 30 నిమిషాలు, 240 దాకా పెంచుకోవచ్చు. ఖాళీ అంటే ఏంటన్నది చూసుకోవాలి. గూగుల్ దాంట్లో మీ వైపు నుంచి ట్రాఫిక్ ఎప్పుడు ఆగిందన్నదే లెక్క, లోపల మీ ప్రోగ్రాం ఎంత చెమటోడుస్తున్నా దానికి పట్టదు. భోజనానికే ఆగిపోతోందంటే బిల్లుకి భయపడి మీ దగ్గర ఆ గడువు తక్కువగా ఉంచి ఉంటారు. అడగండి, అది ఒక్క సెట్టింగ్.

గోదారోడు

చూశాను. లేటయ్యేది టెర్మినల్‌లోనే, నేను వాడేది విమ్, టెర్మినల్‌లోనే నడిచే ఎడిటర్. బిల్డ్‌ది 137 కోడే. ప్యాకేజీలు హోమ్‌లోకి మార్చుకున్నాను, అది తీరింది.

కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఇవన్నీ మొదటిరోజే ఒక పేజీ రాసి ఇవ్వొచ్చు కదా? మెషీన్ సైజు, టైమౌట్, రీజియన్, ఇమేజ్, దేని మీదా నాకు చెయ్యి లేదు. పని మటుకు నాది. ల్యాప్‌టాప్ చెడితే నేనే విప్పుకునేవాణ్ణి.

పాత_సర్వర్

ఈ ముక్క దగ్గర నేను మీ పక్షం. 2024 మొదట్లో వీఎస్ కోడ్ 1.86 వచ్చినప్పుడు గుర్తుందా? అవతలి మెషీన్‌లో జీలిబ్‌సీ అనే లినక్స్ మూల లైబ్రరీ కనీసం 2.28 వెర్షన్ ఉండాలంది. సెంట్‌ఓఎస్ 7, ఉబుంటు 18.04 లాంటి పాత లినక్స్ మెషీన్లకి కనెక్టవడం ఠక్కున ఆగిపోయింది. గొడవయ్యాక వెంటనే వచ్చిన చిన్న రిలీజ్‌లో కొంతకాలం గడువిచ్చారు. ఎడిటర్ మన దగ్గర తనంతట తను అప్‌డేట్ అవుతుంది, ఇమేజ్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. అలాంటి రోజున డెవలపర్ చేతులు కట్టుకుని కూర్చోవడమే.

అయినా ల్యాప్‌టాప్‌కి ఓటెయ్యను. సోర్స్ కోడంతా ఉన్న ల్యాప్‌టాప్ రైల్లో పోగొట్టుకున్నవాడి మొహం చూస్తే మీరూ వెయ్యరు.

వరంగల్_వాసి

డిస్క్ ఎన్‌క్రిప్షన్ అనేది ఒకటి ఉంటది సారూ. దొంగకు డబ్బానే దొరుకుతది.

ప్లాట్‌ఫామ్_పద్మ

దొంగకి డబ్బానే. రాజీనామా ఇచ్చినవాడికి మాత్రం అంతా దొరుకుతుంది, అసలు భయం అదే.

ఒక పేజీ రాసివ్వాలన్నది న్యాయమైన మాట, మా దగ్గరా లేదు. రీజియన్ గురించి ఒకటి: క్లయింట్ ఒప్పందంలో దేశం దాటకూడదని ఉన్నది ప్రొడక్షన్ డేటానా (నిజమైన కస్టమర్ల డేటా), సోర్స్ కోడ్ కూడానా? చాలాచోట్ల రెండూ కలిపి చదివేస్తారు. డేటా ఒక్కటే అయితే మీ మెషీన్ ముంబైలో పెట్టడానికి అడ్డేముంది?

గోదారోడు

ఆ ఒప్పందం చూసే స్థాయి నాకు లేదు. మీ ప్రశ్న ఉన్నదున్నట్టు మేనేజర్‌కి పంపాను, పెద్ద మెషీన్ కోసం టికెట్ కూడా పెట్టాను. అవి తేలేదాకా నా ఓటు ల్యాప్‌టాప్‌కే.