తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం: తిన్నదెవరు, ఇల్లెవరిది?

నల్గొండ గన్నర్:
మొన్న శనివారం రాత్రి మా రూమ్‌లో మ్యాచ్ చూస్తుంటే హాఫ్‌టైమ్‌లో పాత ముచ్చట్లు వచ్చాయి. లండన్ ఫుట్‌బాల్ క్లబ్ అర్సెనల్‌కు వెంగర్ కోచ్‌గా ఉన్న రోజుల్లో బెంచీ మీద ఆయన పక్కనే ఒక పెద్దాయన కూర్చునేవాడు, బోరో ప్రిమోరాట్స్. మావాళ్లలో చాలామందికి ఆ మొహం గుర్తుంది గానీ కథ తెలియదు. నేను చెప్పాను. అయిపోయిందో లేదో ఒకడు, "అంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టిండన్నట్టు" అని చిప్స్ ప్యాకెట్ అందుకున్నాడు. సెకండాఫ్‌లో ఎవరు గోల్ కొట్టారో కూడా నాకు సరిగ్గా పట్టలేదు, ఆ మాటే తిరుగుతూ ఉంది.

కథ తెలియనివాళ్లకు. 1993 మే 20న ఫ్రెంచ్ లీగ్‌లో మార్సెయ్‌కి వాలన్సియెన్‌తో మ్యాచ్. ఇంకో ఆరు రోజుల్లో మ్యూనిక్‌లో మిలాన్‌తో యూరప్ ఫైనల్ ఉంది, అందుకని మార్సెయ్ వాళ్లకు ఇక్కడ దెబ్బలు తగలకుండా, చెమట పట్టకుండా గెలవాలి. వాలన్సియెన్ ఆటగాళ్లు ముగ్గురికి డబ్బు ఆశ చూపించారు. ముగ్గురిలో ఝాక్ గ్లాస్మాన్ అనే డిఫెండర్ మాత్రం వద్దని చెప్పి, సంగతి బయటపెట్టాడు. మార్సెయ్ 1-0తో గెలిచింది, ఆరు రోజులకు మిలాన్‌నూ 1-0తోనే ఓడించి కప్పు ఎత్తింది. తర్వాత పోలీసులు ఇంకో ఆటగాడి బంధువుల పెరట్లో తవ్వితే 2,50,000 ఫ్రాంకులు దొరికాయి. పెరట్లో పాతిపెట్టడం మన ముత్తాతల కాలం నాటి పనే, అక్కడా అంతే.

ప్రిమోరాట్స్ అప్పుడు వాలన్సియెన్ కోచ్. గొడవ బయటపడ్డాక మార్సెయ్ ప్రెసిడెంట్ బెర్నార్ టాపీ తనను పారిస్‌లోని ఆఫీసుకు పిలిపించి, నింద నువ్వు మీద వేసుకుంటే నీకు లాభం చేస్తానన్నాడని ఆయన విచారణలో చెప్పాడు. ఆ టైమ్‌కు టాపీ నా దగ్గర ఉన్నాడని ఒక మాజీ మంత్రి సాక్ష్యం చెప్పాడు. అది అబద్ధమని తేలి మంత్రిగారికీ శిక్ష పడింది. మార్సెయ్‌కి ఆ ఏటి లీగ్ టైటిల్ పోయింది, మరుసటి ఏడు రెండో డివిజన్‌కు దింపారు, టాపీ జైలుకు పోయాడు. నిజం చెప్పిన కోచ్‌కు మాత్రం ఫ్రాన్స్‌లో పని దొరకడమే కష్టమైంది. వెంగర్ జపాన్‌లో నగోయా టీమ్‌కు పోతూ ఆయన్ను వెంట తీసుకుపోయాడు, అక్కడి నుంచి అర్సెనల్.

ఇప్పుడు నా ప్రశ్న భాష గురించే. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం" అనే మాట ఇలాంటి మనిషికి వాడొచ్చా? అసలు తిన్నాక వాసాలు ఎందుకు లెక్కపెడతారు?

పాలమూరు పంతులు:
మంచి ప్రశ్న తమ్ముడూ. నేను విన్న వివరణలు రెండు. ఒకటి, అన్నం తిని అరుగు మీద వెల్లకిలా పడుకున్న చుట్టం పైకి చూస్తూ ఎన్ని వాసాలున్నాయో లెక్క వేసుకుంటాడు, అంటే ఇల్లు ఎంత పెద్దది, వీళ్ల దగ్గర ఎంత ఉంది అని అంచనా. అసూయ మాట అది. రెండోది ఇంకా ఘాటు: పెంకలు తీసి ఏ రెండు వాసాల నడుమ నుంచి లోపలికి దిగొచ్చో చూసుకుంటున్నాడు, అంటే కన్నం వేసే దొంగ. రెండింట్లోనూ లెక్కపెట్టేవాడిది చెడు బుద్ధే. ఇల్లు బాగుండాలని లెక్కపెట్టినవాడికి ఈ మాటలో చోటు లేదు. మా వైపు ఇంత పొడుగ్గా కూడా అనరు, "నమక్‌హరాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

చాయ్ బిస్కట్:
పేపర్ల వాళ్లు విజిల్ బ్లోయర్‌ను ప్రజావేగు అని రాస్తారు కదా, అది వాడుకుంటే సరిపోతుంది.

పాలమూరు పంతులు:
వేగు అంటేనే గూఢచారి. ప్రజా తగిలించినా ఆ వాసన పోలేదు. ఇంగ్లిష్ మాటనే ఉన్నదున్నట్టు తెలుగు చేద్దామంటే ఈల వేసేవాడు అవుతుంది, బస్టాండ్‌లో ఈల వేసేవాణ్ణి ఏమంటారో మీకు తెలుసు. పైగా ఫుట్‌బాల్‌లో ఈల ఊదేది రిఫరీ.

నల్గొండ గన్నర్:
మన దగ్గరే కాదు సార్. ఫ్రెంచివాళ్లు పోలీసులకు చెప్పినవాణ్ణి వాడుకలో "బాలాన్స్" అంటారు, ఆ మాటకు తక్కెడ అనే అర్థం కూడా ఉంది. తక్కెడ అంటే న్యాయం అనుకుంటాం మనం, వాళ్లకు అది తిట్టు. గ్లాస్మాన్ ఏ ఊరి గ్రౌండ్‌కు పోయినా జనం గోల చేసి ఎగతాళి చేశారు. 1995లో ఫిఫా ఆయనకు ఫెయిర్ ప్లే అవార్డ్ ఇచ్చింది, అప్పటికి ఆయన ఆడుతున్నది హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ దీవిలో.

సూర్యాపేట సుత్తి:
నేను ఇంకోవైపు మాట్లాడతా, తిట్టొద్దు. అభిమాని అంటే ఎవరు? టీమ్ గెలిచినా ఓడినా ఉండేవాడు. 2021లో టాపీ చనిపోతే శవపేటికను మార్సెయ్ స్టేడియంలోనే పెట్టారు, వేలమంది వచ్చి దండం పెట్టారు. వాళ్లకు లంచం సంగతి తెలియదా? తెలుసు. అయినా ఆ 1993 కప్పు వాళ్ల నాన్నతో కలిసి చూసిన కప్పు. రామాయణంలో కుంభకర్ణుడు అన్నను నిండు సభలో తప్పు పట్టాడు, నువ్వు చేసింది తప్పే అన్నాడు, అని యుద్ధానికి పోయి చచ్చాడు. విభీషణుడు అవతలికి పోయాడు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అనే మాట ఎవరి మీద పుట్టింది? విభీషణుడి మీదనే. రాముడి పక్షం అని గుళ్లో దండం పెడతాం గానీ, కొడుకుకు ఆ పేరు పెట్టినవాణ్ణి మా జిల్లాలో నేనైతే చూడలేదు. అభిమాని కుంభకర్ణుడే అవుతాడు, కావాలి కూడా. ఇంకో సంగతి, ఈ మాజీ కోచ్‌లకు పదవి పోయాకనే నిజం ఎందుకు గుర్తొస్తుంది?

పాలమూరు పంతులు:
కుంభకర్ణుడి పోలిక బాగుంది. కానీ కుంభకర్ణుడికి పేరు పెట్టినవాళ్లు కూడా లేరు కదయ్యా! తిక్కన గారి పద్యం పదో తరగతిలో అందరం బట్టీ పట్టాం, కృష్ణుడు కౌరవ సభలో అంటాడు, "దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అని. అక్కడ తిట్టు ఎవరికి? పాపం చేసినవాడికి కాదు, చేతనై కూడా చూస్తూ ఊరుకున్నవాడికి. ఉపేక్ష అనే మాటను మనం నిర్లక్ష్యం అన్నంత తేలిగ్గా వాడుతున్నాం, కాదు, అది పక్కకు తిరిగి చూడనట్టు ఉండడం.

నల్గొండ గన్నర్:
సార్, ఆ పద్యం ఇటలీలో రూల్ బుక్‌లోనే ఉంది అనుకోండి. 2012లో అంటోనియో కాంటేకు 10 నెలల నిషేధం పడింది, సియెనా కోచ్‌గా ఉన్నప్పుడు మ్యాచ్ ఫిక్సింగ్ సంగతి తెలిసి చెప్పలేదని. చేశాడని కాదు, చెప్పలేదని. అది తర్వాత 4 నెలలకు తగ్గింది. నాకేం తెలియదని ఆయన మొదటి నుంచీ అంటూనే ఉన్నాడు, 2016లో క్రిమినల్ కోర్టు నిర్దోషి అని కూడా చెప్పింది, అది వదిలేద్దాం. చూడాల్సింది ఏంటంటే, చెప్తే తిన్నింటి వాసాలు, చెప్పకపోతే నిషేధం. మధ్యలో కోచ్ ఏం చేయాలి?

వడ్లోళ్ల కోడలు:
రోజూ చదివి వెళ్లిపోతాను, రాయను. ఇవాళ వాసాలు అన్నారు కాబట్టి రాస్తున్నా. మాది దేవరకొండ వైపు, మా మామ వడ్ల పని, అంటే వడ్రంగం చేసేవాడు. రోహిణి కార్తె వచ్చిందంటే ఊళ్లో గూనపెంకుటిళ్లు ఉన్నవాళ్లందరూ పిలిచేవాళ్లు, వానలకు ముందు పెంకలు తిరగేయాలి కదా, ఏడాదంతా కోతులు చేసిన పని కూడా ఉంటది. పొద్దున్నే పోయేవాడు. ఆ ఇంట్లోనే రొట్టె, పచ్చిపులుసు పెడితే తిని, నిచ్చెన ఎక్కి చేసే మొదటి పని ఏంటో తెలుసా? వాసాలు లెక్కపెట్టడం. బాడిసె తిరగేసి దాని మడమతో ఒక్కో వాసాన్ని కొడుతూ చెవి పెట్టి వినేవాడు. గట్టిది ఖణ్ మంటది. లోపల చెద తిన్నది బొద్దుమంటది, పైకి మాత్రం సున్నం కొట్టి తెల్లగా కనపడతది. బొద్దుమన్నదాని మీద బొగ్గుముక్కతో గీత గీసేవాడు. దిగి వచ్చి ఇన్ని బాగున్నయి, ఇన్ని పోయినయి అని చెప్పేవాడు.

ఎవరూ సంతోషంగా వినేవాళ్లు కాదు. "ఇల్లు బాగనే ఉంది, నువ్వే మాకు ఖర్చు పెట్టిస్తున్నవు" అనేవాళ్లు. ఒక ఇంట్లో అయితే అంతకుముందు ఏడాది కూలి ఎగ్గొట్టారు, ఆ కోపం మా మామకు ఉన్నది, దాచుకోలేదు కూడా. ఆ కోపంతోనే నలుగురిలో చెప్పాడు, మీ దూలం పుచ్చిందని. కోపంతో చెప్తున్నడు అన్నారు. కోపం నిజమే, దూలం పుచ్చిందీ నిజమే. పైన పదవి పోయాక ఎందుకు చెప్తారు అని అడిగిన అన్న కోసం రాశాను.

చాయ్ బిస్కట్:
అక్కా, ఇన్ని రోజులు ఎందుకు రాయలేదు మీరు.

సూర్యాపేట సుత్తి:
అక్కా, ఒప్పుకున్నా సగం. మిగతా సగం, మీ మామను పిలిచింది ఇంటివాళ్లు. కోచ్‌ను వాసాలు చూడమని ఎవరు పిలిచారు?

నల్గొండ గన్నర్:
అన్నా, నా గొడవ అక్కడే మొదలైంది. ఇల్లెవరిది? టాపీదా? ఆయన తిన్నదెవరి ఉప్పు? స్టాండ్స్‌లో టికెట్ కొనుక్కొని వానలో నిలబడ్డవాళ్లది. లెక్క సరిగ్గా వేస్తే నమక్‌హరాం ఎవరు అవ్వాలి? పైగా ప్రిమోరాట్స్ మార్సెయ్ ఇంట్లో ఒక్క ముద్ద కూడా తినలేదు, ఆయన తిన్నది వాలన్సియెన్‌లో. అయినా మా వాడి నోటికి ఆ సామెతే వచ్చింది, నాకూ ఒకప్పుడు అదే వచ్చింది.

అసలు సంగతి చెప్తా. నేను పదిహేనేళ్లప్పుడు మా దగ్గర ఒక టీమ్‌లో రిజర్వ్ గోల్‌కీపర్‌ను. అండర్-17. కప్పు గెలిచాం. ఫైనల్ రోజు పొద్దున ఇద్దరు మీసాలు గీసుకొని వచ్చారు, ఒకడికి పై పెదవి మీద బ్లేడు తెగి, నెత్తురు ఆగడానికి న్యూస్‌పేపర్ ముక్క అంటించుకున్నాడు. అది చూసి అందరం నవ్వాం. అందరం అంటే అందరం, నేను కూడా. మాకు నాలుగేళ్లు ఆట నేర్పిన సార్‌ను అంతకుముందే తీసేశారు, ఆయన ఫైనల్ చూడడానికి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. వారం తర్వాత వయసు సర్టిఫికెట్ల మీద లెటర్ రాశాడు. కప్పు వెనక్కి పోయింది. అప్పటి నుంచి ఆయన చాయ్ హోటల్‌కు వస్తే మేం లేచి బయటికి పోయేవాళ్లం, సగం తాగిన గ్లాసులు అక్కడే పెట్టి. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టిండు" అని ఆయనకు వినపడేలా మొదట అన్నది నేనే. ఆయన మాకు తన జేబులోంచి బూట్లు కొనిపెట్టిన మనిషి. తిన్నది మేము.

పాలమూరు పంతులు:
ఇది మొదటి పోస్ట్‌లో రాయాల్సింది తమ్ముడూ.

నల్గొండ గన్నర్:
రాసి తీసేశాను సార్.

చాయ్ బిస్కట్:
సార్ ఇప్పుడు ఉన్నారా?

నల్గొండ గన్నర్:
ఉన్నారు. ఇవాళ సాయంత్రం క్లాక్‌టవర్ దగ్గర కనపడితే బండి ఆపి, ఈ చర్చంతా ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు లేదు, నన్నే చదవమన్నారు. రోడ్డు పక్కన నిలబడి బస్సుల హారన్ల మధ్య మొత్తం చదివాను, నా మీసాల కథ దగ్గర గొంతు పట్టింది, ఆయన ఏం అనలేదు. వడ్లోళ్ల కోడలు అక్క రాసింది మాత్రం రెండోసారి చదవమన్నారు. బాడిసె మడమతో కొట్టేది కరెక్టే, మా ఇంట్లో కూడా అట్లనే చేసేవాళ్లు అన్నారు. పోయేటప్పుడు, "మరి ఆ ఇంటికి వాసాలు ఎన్నో రాయలేదేందిరా" అని అడిగారు.

వడ్లోళ్ల కోడలు:
దూలం పుచ్చిన ఇల్లేనా? నలభై రెండు. ఐదు మార్చారు. దూలం మాత్రం ఇంకో రెండేళ్లు అట్లనే ఉంచారు.