సమస్య: "గోడమీది పిల్లి గుమ్మమెత్తె"

పూలజడ (నిర్వాహకురాలు, ఫ్రిస్కో):
ఈ వారం సమస్య ఇదిగో. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి.

గోడమీది పిల్లి గుమ్మమెత్తె

మా గరాజ్ తలుపు తెరిచే గోడ స్విచ్ పోయి పది రోజులైంది. రిమోట్ కారులో ఉంటుంది, కారు మా ఆయన తీసుకెళ్తారు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు మోటారు కింద వేలాడే ఎర్ర తాడు లాగి, మోటారు నుంచి విడిపించి, తలుపును రెండు చేతులతో పైకి లేపుతున్నాను. నిన్న పాత స్విచ్ ఊడదీసి, దాని వెనక ఉన్న రెండు సన్నటి తీగల కొసలు ఒక్క క్షణం ఆనించి చూశాను. తలుపు లేచింది! సరిగ్గా అప్పుడే పక్కింటి పిల్లి వాకిట్లో ఇటుక గోడ మీద కూర్చుని, నా వైపే చూస్తూ చెయ్యి నాకుతోంది. తనే ఎత్తినట్టు ఉంది దాని వాలకం. లైను అప్పుడే తట్టింది.

కొత్తది వైరుదా, వైర్‌లెస్సా, ఎక్కడ పెట్టాలి అన్నది ఇంకా తేలలేదు. పద్యంలో ఆ మీట తప్పకుండా కనపడాలి. దాన్ని ఏ పేరుతో పిలిచినా సరే.

చిరుగాలి:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇది నా రెండో పూరణ. తప్పులుంటే చెప్పండి.

మూడడుగుల యెత్తు మోటారు బొత్తము
పక్కనున్న బల్ల పైకి దూకి
కాలు జారి దాని గట్టిగా నొక్కగా
గోడమీది పిల్లి గుమ్మమెత్తె

కృష్ణాతీరం:
అమ్మాయీ, నడక బాగుంది. మొదటి పాదం చదవగానే వస్తువు కళ్ళకు కట్టింది. ఒక్కటే మాట. "నొక్కగా" అన్నాక కర్త మారాలి. నొక్కిందీ ఎత్తిందీ ఆ పిల్లే కాబట్టి "నొక్కుచు" అంటే సరిపోతుంది, గణానికీ ఇబ్బంది లేదు.

ఏటిగట్టు (శాన్‌హోసే):
మాస్టారు వ్యాకరణం చూశారు, పిల్లిని చూడలేదు. బల్ల పైకి దూకేశాక అది బల్లమీది పిల్లి కదా? గోడ ఎక్కడ మిగిలింది?

చిరుగాలి:
అన్నయ్యా, దూకకముందు గోడ మీదే ఉంది. నా ఉద్దేశం గోడ మీద నుంచి దూకిన పిల్లి అని. "నొక్కుచు" అని మార్చుకుంటున్నాను మాస్టారూ, ధన్యవాదాలు.

కరెంటు బాబాయి (కొంపల్లి):
నేను పద్యం రాయను, చదువుతాను. నలభై ఏళ్ళు కరెంటు పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చిరుగాలి పద్యంలో మూడడుగులు అన్న చోట ఆగిపోయాను. గరాజ్ స్విచ్ మూడడుగుల్లో ఉండనే కూడదు తల్లీ. అమెరికాలో మోటారుతో వచ్చే కాగితాల్లో నేల నుంచి కనీసం ఐదడుగులు అని ఉంటుంది. పసిపిల్లల చేతికి అందకూడదని. మీ పిల్లి వల్ల ఆ నియమం ఎందుకు పెట్టారో నాకు మళ్ళీ గుర్తొచ్చింది.

పూలజడ గారూ, తీగలు ఆనించగానే తలుపు లేచిందంటే మోటారూ తీగలూ బాగున్నాయి, పోయింది బొత్తం ఒక్కటే. మీ మోటారు పాత రకం అయ్యుంటుంది. అలాంటివాటికి నొక్కినంతసేపే కలిసే మామూలు బెల్ స్విచ్ చాలు. నొక్కితే అలాగే నిలిచిపోయే లైటు స్విచ్ మాత్రం పెట్టకండి. కొత్త మోటార్లలో కొన్ని గోడ బొత్తంతో ఏదో సంకేతం మాట్లాడుకుంటాయి. వాటికి ఆ కంపెనీ బొత్తమే కావాలి, బయటిది పెడితే పలకదు. కొనేముందు మోటారు మీదున్న మోడల్ నంబరు ఫోనులో ఫొటో తీసుకుని వెళ్ళండి.

కృష్ణాతీరం:
బాబాయి గారు వైరు సంగతి తేల్చారు కాబట్టి నా పూరణ.

తీగ యున్న మేలొ, తీగలేనిది మేలొ
యనుచు నూగియూగి యారు నెలలు
నేడు తీగ దెచ్చి నిమిషాన బిగియించి
గోడమీది పిల్లి గుమ్మమెత్తె

తాటిబెల్లం (ఎడిసన్):
ఆహా! జంతువు లేకుండానే పిల్లి వచ్చేసింది. ఎటూ తేల్చుకోలేనివాణ్ణి గోడమీద పిల్లి అని మనం రోజూ అంటాం, అది నాకు తట్టనే లేదు. మూడో పాదంలో "నిమిషాన బిగియించి" అన్నది ఎంత హాయిగా ఉందో. ఆరు నెలల ఊగిసలాట తర్వాత ఒక్క నిమిషం పని.

కరెంటు బాబాయి:
మాస్టారి పిల్లి సరైన వైపే దూకింది. వైర్‌లెస్ స్విచ్ అంటే గోడకు అంటించిన రిమోటే. కొత్త తీగ లాగే పని ఉండదు, నిజమే. కానీ దాని బ్యాటరీ ఏ రోజు అయిపోతుందో ఎవరికి తెలుసు? ఇంకొకటి చెప్తాను. తలుపుకు రెండు వైపులా నేలకు ఆరంగుళాల లోపు ఎదురెదురుగా, అడ్డమేదైనా ఉంటే పసిగట్టే సెన్సార్ కళ్ళు పెడతారు కదా, అమెరికాలో 1993 నుంచి తయారైన ఇళ్ళ మోటార్లకు అలాంటి రక్షణ ఏదో ఒకటి ఉండి తీరాలి. ఆ కంటికి సాలెగూడు పట్టినా, ఒకటి కాస్త పక్కకు తిరిగినా, రిమోట్‌తో తలుపు దిగదు. కొంచెం దిగి మళ్ళీ పైకి పోతుంది. అప్పుడు గోడ బొత్తాన్ని తలుపు నేలకు ఆనేదాకా నొక్కి పట్టుకుంటే మూసుకుంటుంది. కళ్ళు లేకుండా తలుపును దించుతున్నామన్నమాట. అందుకే ఆ బొత్తం తలుపు మొత్తం కనపడే చోట ఉండాలి. వంటింట్లో ఉంటే వీలుగా ఉంటుందని కొందరు లోపలికి లాగించుకుంటారు. తలుపు కింద పిల్లాడి సైకిల్ ఉందో, పిల్లాడే ఉన్నాడో వంటింట్లోంచి ఏం కనిపిస్తుంది? ఈ ఒక్క మాట అందరూ గుర్తుపెట్టుకోండి, నా మీద దయ ఉంచి.

తాటిబెల్లం:
బాబాయి గారూ, మీ ఐదడుగుల మాటకు మా ఇంట్లో జరిగిందే నా పూరణ. చివరి పాదం విడదీసి చదవాలి.

చిట్టి చేతి కందు చేరువ నున్నట్టి
మీట బీకి పైకి మేకు గొట్టి
పాత బొక్క మూయ బంకమట్టిని దెచ్చి
గోడమీది పిల్లి గుమ్మ మెత్తె

కృష్ణాతీరం:
పదచ్ఛేదం! ముద్దుగుమ్మలో ఉన్న గుమ్మ, మట్టి మెత్తడంలో ఉన్న మెత్తె. నిర్వాహకురాలు ఇచ్చినప్పుడే "గుమ్మం ఎత్తడమేమిటి, ఎత్తేది తలుపు కదా" అని నాలో ఒక పీకులాట. ఈ అమ్మాయి ఆ చిక్కునే లేకుండా చేసింది. అవధానంలో అయితే పృచ్ఛకుడు లేచి నిలబడేవాడు. ఈ వారానికి ఇంతకంటే మంచి విరుపు వస్తుందనుకోను.

ఏటిగట్టు:
విరుపు బాగుంది చెల్లెమ్మా, కాదనను. కానీ ఎడిసన్‌లో గోడ అంటే జిప్సం బోర్డు. బొక్క పూడ్చాలంటే పుట్టీ పెట్టాలి, బంకమట్టి ఎండితే రాలిపోతుంది. పైగా "గోడమీది" అంటే ముందే అక్కడున్న పిల్లి. కొత్తగా మెత్తితే "గోడమీద" అనాలి.

తాటిబెల్లం:
అన్నయ్యా, పాప బొమ్మలు చేసుకునే మట్టి అది. మా పాత స్విచ్ పాప భుజం ఎత్తులో ఉండేది, నొక్కి తలుపు కిందికి పరుగెత్తేది. ఒకసారి చూసి నా గుండె ఆగినంత పనైంది. ఆ వారమే పైకి మార్పించాం. మిగిలిన బొక్క మీద నేనూ పాపా కూర్చుని పిల్లిని చేసి అద్దాం. రెండేళ్ళయింది, రాలలేదు. తోక దగ్గర పాప బొటనవేలి ముద్ర ఇంకా ఉంది. మెత్తాక అది గోడమీది పిల్లే కదా.

ఏటిగట్టు:
ఆ వేలిముద్ర ముందు నా అభ్యంతరం నిలవదమ్మా. వెనక్కి తీసుకుంటున్నాను. ఇక నా పూరణ. మాస్టారు ఇంతకంటే మంచి విరుపు రాదన్నారు కాబట్టి విరుపు లేకుండానే రాశాను.

కప్పు మీది కుక్క గడగడ మొరుగగా
పీకి మార్చినాము ప్రీతితోడ
మీట నొక్కినంత మెల్లగా గుర్రుమని
గోడమీది పిల్లి గుమ్మమెత్తె

మా పాత మోటారు కప్పుకు వేలాడేది. గొలుసు లాగుతుంటే పై గదిలో మంచం అదిరేది. ఇప్పుడు తలుపు పక్క గోడకే, స్ప్రింగు కడ్డీ కొసన బిగించే రకం పెట్టించాం. పిల్లి గుర్రుమన్నట్టే ఉంటుంది చప్పుడు. పనిలో పనిగా బ్యాటరీ ఉన్నది తీసుకున్నాం. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి కొత్తగా పెట్టే మోటారుకు అది ఉండాల్సిందే. 2017లో ఉత్తరాన మంటలు వచ్చిన రాత్రి కరెంటు పోయి, తలుపు ఎత్తలేక గరాజ్‌లోనే చిక్కుకున్నవాళ్ళున్నారు. ఎర్ర తాడు ఉంటుంది నిజమే, చీకట్లో, పెద్ద వయసులో అంత బరువు లేపడం అందరి వల్లా అయ్యే పని కాదు.

కృష్ణాతీరం:
ఊహ చాలా బాగుంది. కప్పు మీది కుక్క, గోడమీది పిల్లి, రెండూ మోటార్లే. ఇది ఎవరికీ రాని ఊహ, ఒప్పుకుంటాను. కానీ మూడో పాదం చివర చూడు నాయనా. "గుర్రుమని". ఏ ఇంద్రగణం అది?

చిరుగాలి:
"మార్చినాము ప్రీతి" దగ్గర "ము" గురువు అవదా మాస్టారూ?

కృష్ణాతీరం:
అవదమ్మా, తర్వాతి "ప్రీతి" వేరే పదం, "మార్చినాము" తెలుగు క్రియ. అక్కడ ఏటిగట్టు తప్పేమీ లేదు. తప్పంతా గుర్రులో ఉంది. ఒక అక్షరం ఎక్కువ. పోయిన నెల "నీళ్ళు లేని బావి నీడనిచ్చె" సమస్యకు కూడా ఇతను ఇలాగే మూడో పాదంలో తొందరపడ్డాడు. "ఱేడు"కు "రెండు"తో యతి వేశాడు. ఊహ పరిగెత్తుతుంటే చెవి వెనకబడుతోంది.

ఏటిగట్టు:
"గుర్రని" అని దిద్దుకుంటున్నాను. "మెల్లగా గుర్రని." నిజానికి ఇదే వినసొంపుగా ఉంది, మీకు రుణపడ్డాను. కానీ నా ఱేడును మళ్ళీ బయటికి తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. సాధురేఫకూ (ర) శకటరేఫకూ (ఱ) యతి పొసగదని ఆ రోజు మూడు పేజీలు రాసిన మీరు, ఈ రోజు "యారు నెలలు" ఎలా రాశారు? ఆఱు కదా?

పూలజడ:
ఱేడు చర్చ ఆ పాత దారంలోనే (థ్రెడ్) ఉంచండి, దయచేసి. పోయినసారి నలభై జవాబులయ్యాయి.

కరెంటు బాబాయి:
ఇక్కడ మా కొంపల్లిలో సంగతి ఒకటి. మన ఇళ్ళల్లో గరాజ్ అంటే ఎక్కువగా మోటారు పెట్టిన రోలింగ్ షట్టరే. దాని గోడ స్విచ్ వేరు. పైకి, ఆపు, కిందికి అని మూడు బొత్తాలు. ఆ స్విచ్ దాకా 230 వోల్టులు వచ్చేవీ ఉన్నాయి. పూలజడ గారు అక్కడ తీగలు ఆనించినట్టు ఇక్కడ ఎవరూ చెయ్యకండి! అమెరికాలో ఆ రెండు తీగల్లో ఉండేది బెల్లు తీగంత చిన్న వోల్టేజీ. ఇక్కడ ప్రాణం పోతుంది. కొనేటప్పుడు పైకీ కిందికీ ఒకేసారి కలవనివ్వని స్విచ్ అడగండి, లేకపోతే మోటారు కాలుతుంది. కరెంటు పోయినప్పుడు తిప్పుకోడానికి గొలుసో, హ్యాండిలో ఉందో లేదో కూడా చూసుకోండి.

పూలజడ:
గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు బాబాయి గారూ. పై పోస్టులో ఆ హెచ్చరిక చేరుస్తాను. ఇదిగో నా పూరణ. ఇన్ని పద్యాలూ మీ మాటలూ చదివాకే రాగలిగాను.

కంటి కెదుట తలుపు కదలిక కన్పించు
చోట నైదడుగుల చుక్క వోలె
చీకటింట మెరయు చిన్నారి కన్నుతో
గోడమీది పిల్లి గుమ్మమెత్తె

మధ్యాహ్నం వైరు బొత్తమే కొన్నాను. చీకట్లో కనపడేలా మధ్యలో చిన్న దీపం ఉంటుంది దానికి. లైటు తియ్యగానే పిల్లి కన్నులా ఉంది.

తాటిబెల్లం:
అక్కా! మీటే పిల్లి! ఇంత ఎదురుగా ఉన్నది మాకెవ్వరికీ కనపడలేదు.

కృష్ణాతీరం:
"చుక్క వోలె" అని ముందే చెప్పి, "కన్నుతో" అని తర్వాత చెప్పడంలో ఒక మెరుపు రెండుసార్లు ఖర్చయింది. "ఐదడుగుల" తర్వాత "ఎత్తున" అన్న మాట కూడా లేదు, చదివేవాడే తెచ్చుకోవాలి. ఆ రెండూ పక్కన పెడితే, విరుపు కంటే ఇదే ముందు నిలుస్తుంది. ఇందాక అన్న మాట మార్చుకుంటున్నాను.

కరెంటు బాబాయి:
ఆ చిన్న దీపానికి కరెంటు అదే రెండు తీగల్లోంచి వస్తుంది. బిగించాక దీపం వెలిగితే తీగ కలిసినట్టే, తెగిందా అన్నది అదే చెప్తుంది. తలుపు పక్కన కదిలే భాగాలకూ స్ప్రింగుకూ దూరంగా పెట్టించండి తల్లీ.

పూలజడ:
టేపు పెట్టి కొలిచి, అరవై రెండు అంగుళాల దగ్గర పెన్సిల్ గీత పెట్టాను బాబాయి గారూ. అక్కడ నిలబడితే తలుపు కింది అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా కనపడుతోంది. మా చిన్నాడు మునివేళ్ళ మీద లేచి ప్రయత్నించాడు, గీతకు జానెడు కిందే ఆగిపోయాడు.

కృష్ణాతీరం:
ఏటిగట్టూ, నీ మాట నిజం. "యాఱు నెలలు" అని దిద్దాను. ఱేడు మాట మాత్రం ఆ దారంలోనే తేల్చుకుందాం, రా.