షేర్డ్ హోస్టింగ్‌లో 2 ఎంబీ దాటితే ఫైల్ ఎక్కట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
అన్నలూ, మా ఊరి లైబ్రరీకి షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) వర్డ్‌ప్రెస్ సైట్ పెట్టా, పాత పుస్తకాలు స్కాన్ చేసి పీడీఎఫ్‌లు ఎక్కిద్దామంటే 2 ఎంబీ దాటితే తీసుకోవట్లేదు. ఎక్కడో చూసి డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో (సైట్ ఫోల్డర్‌లో ఉండే సర్వర్ సెట్టింగ్‌ల ఫైల్) పీహెచ్‌పీ వాల్యూ లైన్ వేస్తే సైట్ మొత్తం 500 ఎర్రర్ కొట్టింది, గుండె జారిపోయింది, లైన్ తీసేశాక గానీ మళ్లీ రాలేదు. వీపీఎస్ (విడిగా మనకే ఇచ్చే వర్చువల్ సర్వర్) కొనే స్తోమత లేదు.

జవాబు 1:
ఆ 2 ఎంబీ పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) డిఫాల్ట్ తమ్ముడూ. మీ దాంట్లో పీహెచ్‌పీ బహుశా ఎఫ్‌పీఎం మీద, అంటే వెబ్ సర్వర్‌కి బయట విడిగా నడుస్తోంది, అందుకే అపాచీకి (ఆ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఆ లైన్ అర్థంకాలేదు. సీప్యానెల్ (హోస్టింగ్ సెట్టింగ్‌లు మార్చే పేజీ) ఉంటే మల్టీపీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఎడిటర్ తెరిచి అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్ 32ఎం, పోస్ట్ మ్యాక్స్ సైజ్ (ఒకసారి పంపే మొత్తం డేటా లిమిట్) 40ఎం పెట్టు. ఈ రెండోది డిఫాల్ట్‌గా 8 ఎంబీయే, చాలామంది మొదటిది ఒక్కటే పెంచి ఇంకా ఎక్కట్లేదేంటని తలపట్టుకుంటారు.

జవాబు 2:
ఆ ఎడిటర్ లేకపోతే సైట్ ఫోల్డర్‌లో డాట్ యూజర్ డాట్ ఐఎన్‌ఐ అని ఫైల్ చేసి అవే రెండు లైన్లు రాయండి. వెంటనే మారదు, మామూలుగా 5 నిమిషాలు పడుతుంది, కంగారుపడి చెరిపేయకండి. హోస్ట్ వాళ్లు పైన లిమిట్ బిగించి ఉంటే మాత్రం వాళ్ల సపోర్ట్‌కి టికెట్ పెట్టాల్సిందే. మరీ పెద్దవి ఎఫ్‌టీపీలో (ఫైళ్లు నేరుగా సర్వర్‌కి పంపే పద్ధతి) ఎక్కించి లింక్ ఇచ్చేయండి, మీడియా లైబ్రరీలో కనపడవు అంతే.

ప్రశ్న అడిగినవారు:
ఐఎన్‌ఐ ఎడిటర్‌తోనే అయిపోయింది అన్నా! 18 ఎంబీ పుస్తకం ఇప్పుడే ఎక్కింది, చాలా థ్యాంక్స్.